పుసి లేని మండలం

గుండ్లవరం మండలంలో చంటిపిల్లల కళ్ళు పుసులు కట్టడం ఉత్తర్వుల మేరకు ఆగిపోయి అప్పటికి ఎనభై ఏడు రోజులైంది. ఇంకో మూడు రోజులు ఏ పసిపిల్లా కళ్ళు అంటుకోకుండా కాస్త ఓపిక పట్టిందంటే తొంభై నిండుతాయి. మండలానికి ‘నిర్మల నేత్ర మండలం’ అని పచ్చబోర్డు వస్తుంది, పథకాధికారి పానకాలరావు గారికి శాలువా వస్తుంది, శాలువా వెనకాలే జిల్లా ఆఫీసులో కుర్చీ కూడా వస్తుందని చెప్పుకుంటున్నారు.

అంత మొండి జబ్బు ఇంత తొందరగా ఎలా పోయిందని ఎవరికైనా అనుమానం రావచ్చు. పద్ధతి చాలా సులువు. ముందు ఆరోగ్య కేంద్రం రిజిస్టర్లో కంటి జబ్బుల గడి కొట్టేశారు. రాయడానికి చోటు లేకపోయేసరికి కేసులు సగానికి సగం పడిపోయాయి. ఆ తర్వాత, లేని జబ్బుకు మందు ఎందుకని కంటి చుక్కలూ కంటి మలామూ మూటగట్టి జిల్లా స్టోరుకు తిప్పి పంపారు. మందు లేదని తెలిశాక జనం రావడం మానుకున్నారు, దాంతో మిగతా సగమూ పోయింది. ఇక మిగిలింది ప్రచారం. మెడ కూడా నిలవని పిల్లల్ని తల్లుల భుజాల మీద వేయించి, ఎండలో బస్టాండు దాకా ర్యాలీ తీశారు. ఆరోగ్య కేంద్రం గుమ్మం పక్కన నల్లబల్ల కట్టి ‘పుసి లేని రోజులు’ అని రాశారు. అటెండరు రోజూ పొద్దున్నే వచ్చి పాత అంకె తుడిచి కొత్త అంకె వేస్తాడు. శుక్రవారాలు ఆ బల్లకు బంతిపూల దండ కూడా పడుతుంది.

సరిగ్గా ఆ ఎనభై ఏడో రోజు పొద్దున పేరమ్మ మనవరాలు కళ్ళు తెరవలేదు.

పేరమ్మది ఆ మండలంలోని వేములపాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమెకు నోరు కాస్త పెద్దదే గానీ, ఆ నోరుండబట్టే పిల్లల పప్పులో పప్పు కనిపిస్తోందని ఊళ్ళో శత్రువులు కూడా ఒప్పుకుంటారు. కూతురు పావనిది తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఏడో నెలలోనే తెచ్చుకుని కళ్ళల్లో పెట్టుకుని చూసింది. అల్లుడు లారీ మీద నాగపూరు పోయి ఉన్నాడు. ఆడపిల్ల పుట్టి ఆరు రోజులు.

నాలుగో రోజున పిల్ల కళ్ళ మూలల్లో కాస్త పసుపుపచ్చగా చేరింది. పేరమ్మ నీళ్ళు మరగకాచి చల్లార్చి, చేతులు సబ్బుతో కడుక్కుని, తడి దూదితో ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మెల్లగా తుడిచింది. ఏ కంటికి ఆ కంటికి వేరే దూది, తుడిచిన ప్రతిసారీ కొత్త దూది. నర్సు ఎస్తేరమ్మ ఎప్పుడో నేర్పిన పద్ధతి అది. చూడ్డానికొచ్చిన పక్కింటావిడ రెండు చుక్కలు చనుబాలు పిండమంది. ఎదురింటావిడ ఆముదం రాయమంది. ఇంకొకావిడ కాటుక పెడితే చలవ చేస్తుందంది. పేరమ్మ ముగ్గురికీ టీ ఇచ్చి సాగనంపింది గానీ, పిల్ల కంట్లో మాత్రం ఏదీ పడనివ్వలేదు. ఆరో రోజు తెల్లారి చూస్తే రెప్పలు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఎర్రబడి ఉన్నాయి. తుడిచిన నిమిషానికే మళ్ళీ చిక్కగా చీము కారుతోంది. పిల్ల పాలు కూడా సరిగా తాగడం లేదు.

ఊళ్ళో ఆటో నడిపే సుభానీని పిలిచి, పచ్చి బాలింతరాలైన కూతుర్నీ పిల్లనీ ఎక్కించుకుని, తొమ్మిదింటికల్లా గుండ్లవరం ఆరోగ్య కేంద్రంలో దిగింది. డాక్టరు గారు లేరు. తొంభయ్యో రోజు సభకు షామియానాలు చూసుకోవడానికి ఆయన్ని జిల్లాకు డెప్యుటేషన్ మీద పంపారు. ఎస్తేరమ్మ ఒక్కతే ఉంది. పిల్లను చూసి ముందు తలుపు దగ్గరగా వేసింది, తర్వాత చేతులు కడుక్కుని రెప్పలు కొద్దిగా విడదీసి చూసింది.

“పిన్నీ, ఇది మామూలు పుసి గాదు. వారం తిరగని పిల్లకి ఇట్టా రెప్పలు వాచి చీము కారితే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇంజెక్షన్ పడాల. ఇయ్యాలే పెద్దాసుపత్రికి పోవాల. రేపంటే నల్లగుడ్డు దెబ్బ తింటది” అంది.

మరి పంపించు తల్లీ అంది పేరమ్మ. పంపించడానికి చీటీ కావాలి. చీటీ ఉంటేనే అంబులెన్సు కదులుతుంది, చీటీ ఉంటేనే అక్కడ పసిపిల్లల వార్డులో చోటిస్తారు, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారని ఎస్తేరమ్మకు మీటింగులో చెప్పారు. ఆ చీటీ ఇప్పుడు చేత్తో రాసేది కాదు, ట్యాబులో నొక్కాలి. ఎస్తేరమ్మ ‘కన్ను’ అని నొక్కింది. తెర మీద రెండు చేతులు చప్పట్లు కొట్టాయి. కింద ‘అభినందనలు. మీ మండలంలో ఈ సమస్య లేదు’ అని పూల మధ్య అక్షరాలు వచ్చాయి. ‘చెవి’ అని నొక్కి చూసింది, చీటీ ఠక్కున తయారైంది. అయితే చెవి చీటీ మీద వెళ్ళినవాళ్ళను చెవి డాక్టరు దగ్గరే కూర్చోబెడతారు, ఆయన వచ్చేది వచ్చే బుధవారం. ఎస్తేరమ్మ ఆ చీటీ చించేసి, ఇక పథకాధికారి గారు ప్రత్యేక అనుమతి ఇస్తే తప్ప దారి లేదని చెప్పి ఆయనకు ఫోన్ చేసింది. ఫోన్లో ‘పుసి’ అన్న మాట వినగానే అవతల గది తలుపు మూసిన చప్పుడైంది. వస్తున్నాను, మీరు మాత్రం ఏమీ రాయవద్దు అని ఫోన్ పెట్టేశారు.

పానకాలరావు గారు పదకొండు గంటలకు జీపులో వచ్చారు. మనిషి మంచివాడే. ఇంట్లో మామూలు తెలుగు మాట్లాడతాడని భార్య చెబుతుంది. ఆఫీసు పని మీద నోరు విప్పితే మాత్రం ఫైలు తెరిచినట్టే ఉంటుంది.

“ముందుగా మనము భావోద్వేగములకు లోనుగాక విషయమును పరిశీలించవలసియున్నది. సదరు శిశువు కంటినుండి వెలువడునది పుసియా, లేక సహజ స్రావమా అనునది తేలవలెను” అన్నారు.

తేల్చడానికి ఆయన సంచిలోంచి రంగుల అట్ట తీశారు. పెయింట్ల షాపులో గోడరంగులు చూపించే అట్ట ఉంటుందే, అచ్చం అలాంటిదే. పథకం కోసం ప్రత్యేకంగా అచ్చు వేయించారు. పన్నెండు గళ్ళున్నాయి. ఒకటి నుంచి ఏడు దాకా మీగడ, గంధం, వెన్న వగైరా పేర్లు, అవి సహజ స్రావం. ఎనిమిది నుంచి పుసి. ఆయన రెండడుగులు వెనక్కి జరిగి నిలబడి అట్టను ఎస్తేరమ్మ చేతికిచ్చారు. ఆమె పిల్ల చెంప పక్కన పెట్టింది. తొమ్మిదో గడి దగ్గర ఆగింది. అధికారి గారు ట్యూబులైటు వెలుతురు ప్రమాణబద్ధం కాదని దాన్ని ఆర్పించారు. ఎనిమిదో గడికి వచ్చింది. కిటికీ మూయించారు. ఏడున్నరకు వచ్చింది. కర్టెన్ కూడా దించమన్నారు.

అంతవరకూ పళ్ళు బిగించి ఊరుకున్న పేరమ్మ ఇక ఆగలేకపోయింది.

“సారూ, ఇంకో కర్టెన్ గూడా ఏస్తే పిల్లే కనపడదు. అప్పుడు ఇంక కేసే ఉండదు గదా” అంది.

ఆయనకు కోపం రాలేదు. పైగా ఆ సూచనను సానుభూతితోనే విన్నట్టు కనిపించారు. పరిశీలనలో స్రావము ఏడవ గడికి సమీపమున యున్నట్లు తేలినందున, శిశువు నేత్రములు రెండును నిర్మలములే అని ధ్రువపత్రం ఇస్తామని, సభ రోజున దాన్ని లామినేషన్ చేయించి బిడ్డ పేరుతో అందజేస్తామని చెప్పారు. పేరమ్మ ఆ పత్రం నాకెందుకు, పిల్ల కన్ను కాగితం చదువుకుంటుందా అంది. పత్రం వద్దు, చీటీ కావాలంది. చీటీ ఇచ్చేదాకా ఈ గుమ్మంలోంచి కదలనని, పావనిని బల్ల మీద పడుకోబెట్టి, పిల్లను ఒళ్ళో వేసుకుని, ఎస్తేరమ్మ ఇచ్చిన దూదితో చీము తుడుస్తూ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పక్కన నల్లబల్ల మీద ఎనభై ఏడు ఉంది.

అప్పుడు పానకాలరావు గారికి ఒక ఆలోచన వచ్చింది. అల్లుడిది ఏ ఊరని అడిగారు. పెదమాదల అని చెప్పింది పేరమ్మ. పెదమాదల పక్క మండలం. ఆ మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

“అమ్మా, ఈ మాట ముందే చెప్పి యుండవలసినది. కుమార్తె పురిటికి వచ్చినది. అనగా ఆమె మన మండలమునకు అతిథి. ఇంటిపేరు తండ్రిది, వంశము తండ్రిది, రేషను కార్డు అక్కడిది. కన్ను ఎవరిదో పుసి వారిది. సదరు కేసు పెదమాదల మండలమునకు చెందును. వారే చీటీ ఇచ్చెదరు” అన్నారు.

ఇస్తే ఎవరైనా నాకొకటే అనుకుంది పేరమ్మ. రెండు మండలాల మధ్య కప్పలవాగు ఉంది, దాని మీద చప్టా ఉంది. అక్కడికి పెదమాదల పథకాధికారి కమలాకర్ గారిని పిలిపిస్తానని, అరగంటలో పని అయిపోతుందని పానకాలరావు గారు మాటిచ్చారు. ఆయన జీపు ముందు, వెనక సుభానీ ఆటో. పావని దారి పొడుగునా పిల్ల మొహం మీద కొంగు అడ్డం పట్టి ఏడుస్తూనే ఉంది. తన వల్లే పిల్లకు ఇలా అయిందేమోనని ఆమె బాధ. పేరమ్మ కూతుర్ని కసిరింది, కసిరి మళ్ళీ తనే తల నిమిరింది.

కమలాకర్ గారు చప్టాకు అవతల కుర్చీ, బల్ల, ఇద్దరు గుమాస్తాలతో సిద్ధంగా ఉన్నారు. ఆయన మండలంలో పుసి ఆగి ఎనభై నాలుగు రోజులైంది. మూడు రోజులు వెనకబడి ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా ఉంటాడో చెప్పనక్కర్లేదు. చప్టా మీద పసుపు గీత ఉంది. ఆ గీత దాటి ఆటో చక్రం తమ వైపు రాకూడదని ముందే చెప్పించారు.

“శిశువు మాదే. కాదనము. మా కోడలు, మా బిడ్డ” అన్నారు ఆయన చేతులు జోడించి. “అయితే పుట్టిన నాటి నుండి ఆ శిశువు మీ గాలి పీల్చినది, మీ నీటితో స్నానము చేసినది. పుసి సంక్రమించినది మీ పరిధిలో. కావున శిశువు మా ఖాతా, స్రావము మీ ఖాతా.”

అలా మొదలైంది. పానకాలరావు గారు, బిడ్డను ఒక చోటా కంటి పుసిని ఇంకొక చోటా నమోదు చేయుటకు సాంకేతికముగా వీలుపడదన్నారు. కమలాకర్ గారు, పురిటికి పంపినప్పుడు కోడలి కళ్ళు నిర్మలముగానే యున్నవని, పంపిన వస్తువును పంపినట్లే తిరిగి అప్పగించుట పుట్టింటివారి బాధ్యతని వాదించారు. బారసాల ఎవరి ఇంట జరుగునో కేసు వారిదే అని ఒకరన్నారు. బారసాల అయితేగానీ పిల్లకు పేరుండదు, పేరు లేని కేసు నమోదు చేయరాదు, కాబట్టి బారసాల దాకా ఆగుదామని ఇంకొకరన్నారు. గుమాస్తాలు ఇద్దరూ అన్నీ రాసుకున్నారు. అరగంట పోయి రెండు గంటలైంది. ఎండకు నెత్తి మాడుతోంది. పేరమ్మ సీసాలో తెచ్చుకున్న కాచిన నీళ్ళు అయిపోతున్నాయి. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి, అయ్యా చీటీ అని అడిగింది. రెండుసార్లూ, మీ పని మీదనే యున్నామమ్మా అన్నారు. అది అబద్ధం కూడా కాదు.

చివరికి జిల్లాకు ఫోన్ చేశారు. ఏ మండలమూ చెడకుండా పరిష్కరించుకోండి, సభకు అతిథులను పిలిచేశాం అని జవాబు వచ్చింది. దాంతో ఇద్దరు అధికారులూ మార్గదర్శకాల పుస్తకం తెరిచారు. పదకొండో అంశం దగ్గర పానకాలరావు గారి వేలు ఆగింది. ‘ఒక కేసు అనగా రెండు కన్నులు’ అని ఉంది అక్కడ. దాని కిందే ‘ఒకటికి తక్కువగు భాగములను సున్నగా పరిగణించవలెను’ అని కూడా ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతవరకూ కత్తులు నూరుకున్నవాళ్ళు ఒక్కసారిగా అన్నదమ్ములైపోయారు.

టేపు తెప్పించారు. ఆటోను చప్టాకు అడ్డంగా తిప్పించారు. పిల్లను సీటు మీద పడుకోబెట్టమని, తల కొంచెం ఇటు, ఇంకొంచెం అటు అని సర్దించారు. పసుపు గీత సరిగ్గా ముక్కు మీదుగా పోయేదాకా గుమాస్తాలు ఆటోను ముందుకూ వెనక్కూ నెట్టారు. ఇప్పుడు కుడి కన్ను గుండ్లవరంలో ఉంది, ఎడమ కన్ను పెదమాదలలో ఉంది. ఒక్కో మండలానికి అర కేసు వచ్చింది. అర అంటే సున్న. అధికారులు చేతులు కలిపారు. గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. ఉభయ మండలముల సంయుక్త తనిఖీలో ఏ కేసూ బయటపడలేదని తీర్మానం రాయడం మొదలుపెట్టారు.

పేరమ్మ దగ్గరికి వచ్చి, మరి చీటీ అంది.

“చీటీ పూర్తి కేసుకు మాత్రమే ఇవ్వబడును” అన్నారు పానకాలరావు గారు జాలిగా. “అర కేసుకు చీటీ ఇచ్చు పద్ధతి లేదు. తీర్మానముపై సంతకములు అగువరకు ఆటోను కదల్చవద్దు. బండి కదిలిన పక్షమున వాటాలు మారిపోవును.”

పేరమ్మ పన్నెండేళ్ళుగా బడి వంటింట్లో నిలబడి చాలామంది అధికారుల్ని చూసింది గానీ, ఇంత ఓపిగ్గా ఒక పిల్ల కళ్ళు పోగొట్టేవాళ్ళను చూడలేదు. కోపం, దాని కింద భయం. ఇంతసేపూ వీళ్ళని నమ్మి ఇక్కడ కూర్చున్నందుకు తనని తాను తిట్టుకుంది.

“మీ అరలు మీరే ఉంచుకోండి. పిల్లని మాత్రం మొత్తంగా తీసకపోతన్నా” అని ఆటో ఎక్కి, “పోనియ్యి సుభానీ” అంది.

సుభానీ పోనిచ్చాడు. వెనక నుంచి, వాటాలు, వాటాలు అని ఎవరో అరుస్తూ కాస్త దూరం పరిగెత్తారు.

పెద్దాసుపత్రి గేటు దగ్గర పేరమ్మ దణ్ణం పెట్టడానికి చేతులు సిద్ధంగా పెట్టుకుంది. ఎవరూ ఆపలేదు. చీటీ అడగలేదు. పసిపిల్లల వార్డులో సిస్టర్ షహనాజ్ ఎదురొచ్చి, ఎన్నో రోజు అని మాత్రం అడిగి, ఆరు అనగానే పిల్లను అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ వచ్చింది, చిన్నవయసు మనిషి. చీము కొద్దిగా పరీక్షకు తీయించింది, ఇంజెక్షన్ చేయించింది, గంట గంటకూ సెలైన్ నీళ్ళతో కళ్ళు కడగాలని సిస్టరుకు చెప్పింది. కాన్పప్పుడు తల్లి నుంచి కూడా ఇలాంటివి వస్తుంటాయని, అది ఎవరి తప్పూ కాదని పావనికి చెప్పి, ఆమెకూ మందు రాసి, భర్త రాగానే అతనూ చూపించుకోవాలంది. గుండ్లవరం నుంచి వచ్చాం, చీటీ లేదమ్మా అని పేరమ్మ భయం భయంగా అంటే, గుండ్లవరం, పెదమాదల మండలాల నుంచి చీటీతో వచ్చిన పిల్లను నేను మూడు నెలలుగా చూడలేదంది.

“నల్లగుడ్డు ఇప్పటికి బాగానే ఉంది. ఇవాళ తెచ్చారు కాబట్టి ఈ మాట అంటున్నా. రేపు తెచ్చుంటే అనగలిగేదాన్ని కాదు” అంది డాక్టరమ్మ.

పేరమ్మ వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వార్డులో పదకొండు మంచాలున్నాయి. పదకొండింటి మీదా పిల్లలున్నారు. మర్నాడు పొద్దుటికి పేరమ్మ అందరినీ పలకరించేసింది. ఏ తల్లినడిగినా గుండ్లవరం మండలమో, పెదమాదల మండలమో చెప్పింది. ఒకామె గేదెల షెడ్డు వెనక నుంచి దొంగతనంగా బయలుదేరి వచ్చానంది. ఒకామెకు తన బిడ్డ కంట్లోది కన్నీరని, అది స్త్రీ శిశు సంక్షేమం వాళ్ళు చూడాలని చెప్పారట. మూల మంచం దగ్గర ఈశ్వరి అని తాటిపర్రు అమ్మాయి ఉంది. ఇరవై ఏళ్ళుండవు. ఒళ్ళో మగపిల్లవాడు. ఎన్నో రోజున తెచ్చావమ్మా అని పేరమ్మ అడిగింది.

“ఎనిమిదో రోజున కళ్ళు అంటుకున్నయ్యి. అట్ట పెట్టి చూసి, ఏం లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. సర్టిఫికెట్ ఉంది గదా అని నాలుగు రోజులు ఊరకున్నాను” అంది ఈశ్వరి.

తలగడ కింద నుంచి దాన్ని తీసి చూపించింది. నున్నగా లామినేషన్ చేసిన కాగితం. చుట్టూ పూల అంచు, నడుమ నవ్వుతున్న పాప బొమ్మ, ‘ఈ శిశువు నేత్రములు రెండును నిర్మలములు’ అని ఎర్ర అక్షరాలు, కింద కమలాకర్ గారి సంతకం. ఒళ్ళో పిల్లవాడు పేరమ్మ వైపు తల తిప్పాడు. ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పడి ఉంది. పేరమ్మ ఆ కాగితం పట్టుకుని అలాగే మంచం అంచు మీద కూర్చుండిపోయింది.

పది గంటలకు పావని గట్టిగా అమ్మా అని పిలిచింది. పేరమ్మ పరిగెత్తింది. రెప్పల వాపు తగ్గింది. పిల్ల రెండు కళ్ళూ తెరిచి, వెలుతురుకు చిట్లించుకుంటూ చూస్తోంది. నల్లగా, శుభ్రంగా ఉన్నాయి కళ్ళు. సిస్టర్ షహనాజ్ కూడా వంగి చూసి నవ్వింది. తర్వాత వివరాలు ఎక్కించడానికి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఊళ్ళ జాబితాలో గుండ్లవరం లేదు, పెదమాదల కూడా లేదు. కంటి జబ్బుల కింద ఆ రెండు మండలాలూ తీసేశారని, అందుకే ఇన్నాళ్ళుగా ఈ పిల్లలందర్నీ ‘ఇతరులు’ అని ఎక్కిస్తున్నానని చెప్పింది.

పేరమ్మకు అది నచ్చలేదు. కాగితం రిజిస్టరు లేదా అని అడిగింది. అట్ట చిరిగిన పాతది ఒకటి బీరువాలో ఉంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు, అలాంటిది ఉందని ఎవరికీ గుర్తు లేక. దాని నకలు నెలాఖరున డాక్టరమ్మ సంతకంతో రాజధానికి పంపాలన్న పాత నిబంధన కూడా రద్దు కాలేదట. అందులో రాయమంది పేరమ్మ. సిస్టర్ దుమ్ము దులిపి తెరుస్తుండగా బల్ల మీద ఫోన్ మోగింది. పానకాలరావు గారు. నిన్నటి అర కేసు యొక్క పరిస్థితి ఎట్లున్నదని అడిగారు. ఆ అమ్మమ్మను పిలవమన్నారు. పేరమ్మ అందుకుంది. శిశువు కోలుకున్నందుకు మండలము తరఫున హర్షమని, ఎల్లుండి సభకు బిడ్డను తీసుకుని వేదిక మీదికి రావలసినదని, ఆదర్శ మాతామహిగా శాలువా కప్పుదుమని, కాకపోతే ఆసుపత్రిలో ఊరి పేరు మాత్రము చెప్పవలదని ఆయన చాలా మర్యాదగా కోరారు.

“పిల్ల కళ్ళు తెరిచింది సారూ. నాకది చాలు. మీ శాలువా నాకొద్దు. ఊరి పేరు రాయిస్తన్నా, అడ్డం పడమాకండి” అని ఫోన్ పెట్టేసింది.

సిస్టర్ గీతలు కొట్టి గళ్ళు వేసింది. ఊరు, మండలం, ఏ కన్ను, ఫలితం. పేరమ్మ ఒక్కో మాటా ఒత్తి చెప్పింది. వేములపాడు. గుండ్లవరం మండలం. రెండు కళ్ళూ. నయమైంది. రాసిందా లేదా అని తొంగి చూసుకుంది కూడా.

వెనక్కి తిరిగేసరికి తల్లులు పిల్లల్నెత్తుకుని వరసగా వచ్చి నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఈశ్వరి ఉంది. సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, తాటిపర్రు, పెదమాదల మండలం అని చెప్పింది. రెండు కళ్ళకూ వచ్చిందని, కుడిది నయమైందని చెప్పింది. సిస్టర్ అంతవరకూ రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తోచక కలం ఎత్తి పట్టుకుంది.

“ఎడమది పోయిందని కూడా రాయండి” అంది ఈశ్వరి. “లేకపోతే అది కూడా లేదంటారు.”